లేత్ మిషన్ అమ్మేయాలా, మళ్లీ కూర్చోబెట్టాలా?

హసన్‌పర్తి దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకుడు ఏడు పేజీల ఉత్తరం రాశారు, పేరు వేయొద్దన్నారు. ఆయన నలభై ఏళ్ల కింద వరంగల్‌లో ఐటీఐ చదివారు, టర్నర్ ట్రేడు, అంటే లేత్ మీద లోహాన్ని తిప్పుతూ కోసి కొలతకు తెచ్చే పని. లేత్ మీద చెయ్యి బాగా కుదిరింది కానీ ఇంటి పరిస్థితి వల్ల దొరికిన సర్కారు నౌకరీలో చేరిపోయి, క్లర్కుగా మొదలై సూపరింటెండెంటుగా పోయినేడు రిటైర్ అయ్యారు. ఎప్పటికైనా సొంత లేత్ పెట్టుకోవాలన్న ఆశ మాత్రం ఇన్నేళ్లూ మనసులో అట్లనే ఉంది. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి 90 వేలు పెట్టి, మూతపడ్డ ఒక వర్క్‌షాపు నుంచి నాలుగున్నర అడుగుల పాత లేత్ కొన్నారు. దానికి మోటారు లేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, మే నెలలో, మేస్త్రీ వాడే రసమట్టం బెడ్డు (లేత్ పొడుగునా ఉండే పోత ఇనుప పట్టాలు) మీద పొడుగ్గా పెట్టి చూసుకుని నాలుగు కాళ్లూ నేలకు బోల్టులతో బిగించారు. పాత సామాన్ల దుకాణంలో ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు దొరికితే తెచ్చి బెల్టు వేశారు.

మొదటి రోజు స్విచ్ వేయగానే చక్, అంటే లోహం ముక్కను పట్టి తిప్పే బరువైన పట్టు, ఉల్టా తిరిగింది. చూస్తుండగానే మరలు ఊడి బెడ్డు మీద పడి, అక్కణ్ణుంచి ఎగిరి గడప దగ్గర పడింది. అప్పుడే చాయ్ పట్టుకొని వచ్చిన ఆయన భార్య కాళ్లకు జానెడు దూరం. ఎవరికీ ఏమీ కాలేదు, బెడ్డు అంచు మాత్రం ఒక చోట దెబ్బతిన్నది. ఆమె ఆ రోజు నుంచి షెడ్డులోకి రాలేదు. "అది ఇంట్లో ఉండొద్దు" అని ఒక్కసారి అన్నది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మోటారు తిరిగే దిక్కు మార్పించారు. ఆ తర్వాత టూలు (కోసే పనిముట్టు) ధార నిమిషాల్లో కాలిపోవడం, జాబ్ (తిప్పే ముక్క) మీద అలల్లాంటి గీతలు, చెవులు గీరుకుపోయే చప్పుడు. అయినా పట్టు వదలకుండా నేర్చుకుంటూ ఉంటే, ఆగస్టులో నర్సంపేట వైపు రైస్ మిల్లు ఉన్న చిన్ననాటి దోస్తు 24 గన్‌మెటల్ బుష్షులు (తిరిగే షాఫ్టు ఆనే కంచు గొట్టాలు) చేసిపెట్టమని 6 వేలు అడ్వాన్సు ఇచ్చారు. చేసిన ప్రతి బుష్షూ బయటి కొలత ఒక కొస 50.03 మిల్లీమీటర్లు ఉంటే రెండో కొస 50.09 వచ్చింది. ఆ తేడా పోగొట్టడానికి టెయిల్‌స్టాక్‌ను, అంటే చక్‌కు ఎదురు కొసన ఉండే ఆసరా భాగాన్ని, పక్కకు జరిపారు. తేడా పోలేదు, పైగా లోపలి రంధ్రాలు మూతి దగ్గర వెడల్పయ్యాయి. చివరికి నాలుగు బుష్షులను ఎమెరీ పేపరుతో రుద్ది కొలతకు తెచ్చి పంపించారు. మిగతా ఇరవై అట్లనే ఉన్నాయి. దోస్తు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మూడు వారాలుగా షెడ్డు తాళం తీయలేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు "బాపూ, దాన్ని స్క్రాపుకు వేసేయ్, నీకేం కావాలో నేను కొనిస్తా" అన్నాడట. ఉత్తరం చివర ఆయన అడిగింది ఇది: "నా చేతిలో పని ఉందని నలభై ఏళ్లు అనుకున్నాను. అది అబద్ధమేనా? అమ్మేయమంటారా?"

అన్నా, ఈ జవాబు మిగతాది చదవకముందే ఒక ఫోన్ చేయండి. మీ దోస్తుకు. అమ్మడం, ఉంచుకోవడం అన్నవి నెల తర్వాత తేల్చుకున్నా నష్టం లేదు, ఆ నాలుగు బుష్షుల సంగతి మాత్రం ఇవాళే చెప్పాలి. చేత్తో ఎమెరీ పట్టి రుద్దితే మైక్రోమీటరుకు కొలత వస్తుంది, గుండ్రదనం పోతుంది. దానికి తోడు మీ రంధ్రాలు మూతి దగ్గర వెడల్పు కాబట్టి షాఫ్టు బుష్షు నిడివి మొత్తం మీద ఆనదు, లోపల కొంచెం జాగా మీదే బరువంతా పడుతుంది. అక్కడ వేడెక్కుతుంది, గ్రీజు కాలుతుంది, ఒక రోజు షాఫ్టును పట్టేస్తుంది. ఇప్పుడు మిల్లు నెమ్మది మీద ఉంది కాబట్టి తెలియడం లేదు. దసరా దాటి వానాకాలం వడ్లు దిగి, మిల్లు రాత్రింబవళ్లు నడిచేటప్పుడు వడ్లు పైకెత్తే ఎలివేటరు షాఫ్టు పట్టేస్తే బెల్టు కాలుతుంది, లేకపోతే ఎవరో కూలి పిల్లగాడు ఏమైందని చెయ్యి పెడతాడు. "నేను పంపిన నాలుగూ సరిగా లేవు, ఎక్కించి ఉంటే తీసేయ్, ఎక్కించకపోతే ఎక్కించకు" అని చెప్పండి చాలు. లేత్ కథంతా ఆయనకు ఆ ఫోన్‌లో అక్కరలేదు. మీ ఉత్తరంలో మూడు పేజీలు ఈ దోస్తు గురించే ఉన్నాయి, ఆయనతో కలిసి చెరువులో ఈత నేర్చుకున్నది కూడా రాశారు. ఆ మనిషి ఫోన్ మూడు వారాలు ఎత్తకపోవడమే మిమ్మల్ని షెడ్డుకు దూరం చేసిందని నాకనిపిస్తోంది, మిషన్ అంత దూరం చేయలేదు.

మిగతా ఇరవై సంగతికి మూడు దారులున్నాయి. అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి ఆర్డరు వదులుకోవచ్చు, అప్పుడు ఆయన వేరే చోట చేయించుకోవడానికి ఇంకా టైమ్ ఉంటుంది. మీరే మీ ఖర్చుతో వేరే టర్నరు దగ్గర చేయించి ఇవ్వవచ్చు, చేతి నుంచి కొంత పోతుంది కానీ మాట నిలబడుతుంది. లేదా గడువు అడగవచ్చు. గడువు అడిగేటట్టయితే కింద చెప్పిన పనులన్నీ అయ్యాకే తారీఖు చెప్పండి, "వచ్చే వారం" అని నోటికొచ్చింది చెప్పొద్దు. పాడైన గన్‌మెటల్‌ను పారేయకండి, తుక్కుగా అమ్మినా మంచి ధరే వస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. నేను ఇరవై ఆరేళ్లు మిషన్లు కూర్చోబెట్టే పని చేశాను. లారీ మీంచి చైన్ పుల్లీతో దింపడం, పైపుల మీద దొర్లించి జాగాకు తేవడం, లెవెల్ చేయడం, కరెంటు ఇప్పించడం, మొదటి జాబ్ తిప్పి కొలత చూపించి సంతకం తీసుకోవడం. దీన్ని మా వాళ్లు ఎరెక్షన్ అంటారు, అది టర్నర్ పని కాదు. మీరు ఐటీఐలో తిప్పిన లేత్‌ను మీకంటే ముందు ఎవరో కూర్చోబెట్టి, సరిచూసి, నేలకు బిగించి పోయారు. మీకు ఇన్‌స్ట్రక్టరు ఇచ్చింది తయారుగా ఉన్న మిషన్. జాబ్ కట్టడం, టూలు పట్టడం, కొలత తేవడం నేర్చుకున్నారు, అవి ఇప్పటికీ మీ చేతుల్లోనే ఉన్నాయి. ఆ ఇరవై నాలుగు బుష్షుల్లో ప్రతి ఒక్కటీ 50.03, 50.09 వచ్చిందని మీరే రాశారు. ఆ అంకెలు చూసి నేను ఆగిపోయాను. చెయ్యి కుదరని మనిషికి ఒకటి 50.10, ఒకటి 49.95, ఇంకొకటి ఇంకేదో వస్తుంది. ఇరవై నాలుగు సార్లు అదే తేడా, అదే వైపు వచ్చిందంటే మీ చెయ్యి నిలకడగా ఉంది, మిషన్ తనకు తెలిసిన వంకరను ప్రతిసారీ అట్లనే దించుతోంది.

మీ ఇబ్బంది ఏమిటంటే తప్పులు నాలుగు జరిగాయి, నాలుగూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకటి బయటపడినప్పుడు ఇంకో చోట సరిచేశారు, దాంతో మొదటిది దాక్కున్నది, కొత్తది పుట్టింది.

మోటారుది తేలిక. దాని ప్లేటు మీద ఉన్నదంతా ఉత్తరంలో కాపీ చేసినందుకు సంతోషం, అందులో 2880 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) అని ఉంది. ఇట్లాంటి లేత్‌లకు సాధారణంగా ఉండేది 1440 మోటారు. పుల్లీలు పాతవే ఉంచి 2880 మోటారు వేస్తే ప్రతి స్పీడూ రెట్టింపు అవుతుంది. మీరు 200 అనుకొని పెట్టిన చోట స్పిండిల్ (చక్ ఎక్కే ఇరుసు) 400 తిరుగుతోంది. 50 మిల్లీమీటర్ల జాబ్ 400 మీద తిరిగితే టూలు ముందు నిమిషానికి దాదాపు 63 మీటర్ల లోహం పోతుంది, మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలుకు అందులో సగం చాలు. ధార కాలడానికి ఇదే పెద్ద కారణం, అలల గీతల్లో కూడా దీని వాటా ఉంటుంది. మోటారు పుల్లీని సగానికి చిన్నది చేయొచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఇప్పుడున్నది మూడంగుళాలదే అయితే అంతకంటే చిన్న దాని మీద వీ బెల్టు జారుతుంది, తొందరగా పగులుతుంది. మోటారు మార్చుకోవడమే మేలు. ఈ 2880 మోటారు ఏ గ్రైండరుకో పనికొస్తుంది, ఉంచుకోండి.

టూలు ఎత్తు కూడా ఒకసారి చూడండి. సన్నటి స్టీలు స్కేలును జాబ్‌కూ టూలు మొనకూ మధ్య నెమ్మదిగా నొక్కండి, మిషన్ ఆఫ్‌లో ఉండగానే. స్కేలు నిటారుగా నిలిస్తే టూలు సెంటర్‌లో ఉన్నట్టు. స్కేలు పై కొస మీ వైపు వాలితే టూలు కిందికి ఉంది, అవతలి వైపు వాలితే మీదికి ఉంది. సన్నటి రేకు ముక్కలు టూలు కింద పెట్టి సరిచేసుకోవచ్చు. అయిదు నిమిషాల పని.

చక్ ఊడిన సంగతి మాత్రం తేలికగా తీసుకోలేం. మీ లేత్‌కు చక్ మరతో ఎక్కేది. అది కుడి మర. మిషన్ సీదా తిరిగినప్పుడు టూలు ఒత్తిడికి చక్ ఇంకా ఇంకా బిగుసుకుంటుంది. ఉల్టా తిరగడం మొదలుపెట్టగానే స్పిండిల్ ముందు కదులుతుంది, బరువైన చక్ వెనకబడుతుంది, ఆ వెనకబాటులోనే మర ఊడుతుంది. మీ మోటారు దాన్ని రెండింతల వేగంతో ఉల్టా లాగింది. అందుకే ఒక్క గుంజుకే బయటికి వచ్చింది. కొత్తగా కట్టిన మోటారును మేము ఎప్పుడూ ముందు బెల్టు వేయకుండా తిప్పి చూసేవాళ్లం, తర్వాత బెల్టు వేసి చక్ తీసేసి తిప్పేవాళ్లం, దిక్కు సరిగ్గా ఉందని కళ్లారా చూశాకే చక్ ఎక్కించేవాళ్లం. మోటారు మార్చిన ప్రతిసారీ, వైరింగ్ మీద చెయ్యి పడిన ప్రతిసారీ ఇదే చేయండి. ఆ కొత్త మోటారుకు రివర్స్ స్విచ్ పెట్టించకండి, మీరు చేసే పనులకు దాని అవసరం లేదు. మిషన్ బాడీకి ఎర్తింగ్ ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు, లేకపోతే అది వేయించేదాకా స్విచ్ ముట్టుకోవద్దు.

బెడ్డు మీద దెబ్బ తగిలిన చోట వేలితో తడిమి చూడండి. గుంట ఉంటే పరవాలేదు, దాని మీంచి క్యారేజీ (టూలును మోసుకుపోయే భాగం) జారిపోతుంది. లేచి నిలబడ్డ అంచు ఉంటే అదే ప్రమాదం, క్యారేజీ దాని మీదికి ఎక్కినప్పుడల్లా టూలు కదులుతుంది. నూనె వేసి చదునైన సానరాయితో ఆ లేచినంత మేరకే నెమ్మదిగా రుద్దండి, ఆకురాయి పెట్టొద్దు.

ఇప్పుడు వంకర. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, షెడ్డు వేసిన జాగా ఒకప్పుడు పత్తి చేను అని. నాకు మొత్తం ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. నల్లరేగడి ఎండాకాలం పగుళ్లు విచ్చి కుంచించుకుపోతుంది, వానపడగానే నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఒక మూలన ఎక్కువ, ఇంకో మూలన తక్కువ. మీరు మే నెలలో, భూమి ఎండి బిగిసిపోయినప్పుడు, రెండు మూడు అంగుళాల కాంక్రీటు మీద నాలుగు కాళ్లూ బిగించారు. ఆగస్టులో ఆర్డరు పట్టారు. మధ్యలో జూన్, జూలై వానలు పడ్డాయి. నేల ఏ మూల లేచిందో ఆ మూల కాలు లేచింది, బోల్టు పట్టి ఉంది కాబట్టి బెడ్డు మెలిక తిరిగింది. పోత ఇనుము కదా, అది ఎక్కడ వంగుతుంది అని అందరూ అనుకుంటారు. నేనూ అట్లనే అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ల కింద ఒక జిన్నింగ్ మిల్లు వర్క్‌షాపులో ఎండాకాలం లేత్ కూర్చోబెట్టి, లెవెల్ చూపించి, సంతకం తీసుకుని వచ్చాను. శ్రావణంలో పిలిచారు, జాబ్ అంతా టేపర్ (ఒక కొస లావు, ఒక కొస సన్నం) వస్తోందని. పోయి మిషన్ మొత్తం విప్పాను, గేర్లు చూశాను, బేరింగులు చూశాను, రెండు రోజులు వృథా. మూడో రోజు కాళ్ల బోల్టులు వదులు చేస్తే వెనక కాలు కింద గోరు పట్టేంత సందు కనపడింది. ఆ సందు చూశాక గానీ నాకు ఈ మట్టి సంగతి అర్థం కాలేదు, వాళ్ల పని మాత్రం మూడు రోజులు ఆగింది.

రసమట్టంతో ఇది దొరకదు. మేస్త్రీ రసమట్టం గోడలకు సరిపోతుంది, మనకు కావలసింది మీటరుకు 0.02 మిల్లీమీటరు తేడాను చూపించే మిషన్ లెవెల్. ఇంకో సంగతి, మీరు దాన్ని పొడుగ్గా పెట్టారు. మెలిక కనపడాలంటే అడ్డంగా పెట్టాలి. క్రాస్ స్లైడ్ (క్యారేజీ మీద అడ్డంగా జరిగే భాగం) మీద అడ్డంగా పెట్టి, క్యారేజీని చక్ దగ్గరికి తెచ్చి బుడగ ఎక్కడుందో చూసి, మళ్లీ టెయిల్‌స్టాక్ దగ్గరికి నడిపి చూడాలి. రెండు చోట్లా బుడగ ఒకే దగ్గర ఉంటే చాలు, అది సరిగ్గా నడిమధ్యలో లేకపోయినా పరవాలేదు. లేత్ భూమికి సమంగా ఉండాలని లేదు, ఓడల్లో కూడా లేత్‌లు నడుస్తాయి. మెలిక లేకుండా ఉంటే చాలు.

టెయిల్‌స్టాక్ విషయం మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. బుష్షులను మీరు చక్‌లో పట్టి తిప్పారు, రెండో కొసకు సెంటర్ (టెయిల్‌స్టాక్ మొన) ఆసరా లేదు. అట్లాంటప్పుడు టెయిల్‌స్టాక్ ఎక్కడున్నా బయటి కొలతకు దానితో సంబంధమే లేదు. ఎంత జరిపినా తేడా పోకపోవడానికి కారణం అది. కానీ డ్రిల్లు, రీమరు (రంధ్రాన్ని కొలతకు నునుపు చేసే పనిముట్టు) మాత్రం టెయిల్‌స్టాక్‌లోనే పట్టారు కదా, సెంటరు పక్కకు పోయింది కాబట్టి రంధ్రాల మూతులు వెడల్పయ్యాయి. ఇది మీకు తెలియని విషయం కాదు. రెండు కొసల మధ్య పట్టి తిప్పే జాబ్‌లో టేపర్ వస్తే టెయిల్‌స్టాక్ జరపమని ఐటీఐలో నేర్పారు, టెన్షన్‌లో మీకు ఆ పాఠమే గుర్తొచ్చింది. మొదట దాన్ని సున్నా గుర్తుకు తెచ్చి బిగించండి. ఆ గుర్తును కూడా పూర్తిగా నమ్మలేం కానీ మొదలుపెట్టడానికి సరిపోతుంది.

తర్వాత ఒక పరీక్ష చేయండి, దీనికి మిషన్ లెవెల్ కూడా అక్కరలేదు, మోటారు మార్చాక చేయాలి. 40 మిల్లీమీటర్ల రౌండు బారును చక్‌లో గట్టిగా పట్టి 150 మిల్లీమీటర్లు బయటికి ఉంచండి. టెయిల్‌స్టాక్ దూరంగా తోసేయండి. బారు నడుమ భాగాన్ని కొంచెం సన్నం చేసి, చక్ దగ్గర ఒక పట్టీ, చివర ఒక పట్టీ మిగల్చండి, ఒక్కొక్కటి వేలు వెడల్పు. టూలు ధార కొత్తగా పట్టి, చాలా తేలికైన కోత, 0.1 మిల్లీమీటరు కంటే తక్కువ, క్రాస్ స్లైడ్ హ్యాండిల్ ముట్టుకోకుండా రెండు పట్టీల మీదుగా ఒకే నడకలో తీయండి. చల్లారాక రెండు పట్టీలనూ మైక్రోమీటరుతో కొలవండి. చివరి పట్టీ పెద్దగా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు ఉన్న ముందు కాలు, అంటే మీరు నిలబడే వైపు కాలు, బోల్టు వదులు చేసి దాని కింద సన్నటి రేకు ముక్క పెట్టి మళ్లీ బిగించండి. చివరిది చిన్నగా ఉంటే అదే వైపు వెనక కాలు కింద పెట్టాలి. ఒకసారికి ఒకే కాలు, ఒకే రేకు. పెట్టిన ప్రతిసారీ మళ్లీ తేలికైన కోత తీసి కొలవండి, కాగితం మీద రాసుకోండి. ఓపిక పట్టే పని, ఒక పూట పడుతుంది. ఎన్ని రేకులు పెట్టినా తేడా కుదరకపోతే అప్పుడు బెడ్డు చక్ దగ్గర అరిగిందని అనుమానించాలి, పాత లేత్‌లలో అక్కడే ఎక్కువ అరుగుతుంది, అది మీ షెడ్డులో బాగయ్యేది కాదు.

ఇంత చేసినా నేల నేలే. సంక్రాంతి దాటి ఎండలు మొదలైతే అది మళ్లీ కుంచించుకుపోతుంది. మీ ముందు ఉన్న దారుల్లో ఏది మంచిదో ఇక్కడే తేలుతుంది. మొదటిది, ఇదే నేల మీద ఉంచి, వానలు మొదలైనప్పుడు ఒకసారి, వెలిశాక ఒకసారి, నడి ఎండాకాలం ఒకసారి ఆ రెండు పట్టీల పరీక్ష చేసుకుంటూ పోవడం. ఖర్చు లేదు, కానీ ఆర్డరు పట్టేముందు ప్రతిసారీ అనుమానమే. రెండోది, మిషన్ పక్కకు తీసి, దాని కింది మేరకు నల్లమట్టి రెండు మూడు అడుగులు తవ్వి మొరం పోసి, నీళ్లు చల్లుతూ పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి, షెడ్డు నేలతో సంబంధం లేకుండా మందమైన కాంక్రీటు దిమ్మె వేయించడం. రామప్ప గుడి కింద ఇసుక పునాది ఉందని విని ఇసుక పోద్దామని మీ మేస్త్రీ అనవచ్చు, అది కాకతీయుల కాలపు పెద్ద పని, మన షెడ్డు కింద ఇసుక పోస్తే నీళ్లు నేరుగా అడుగున ఉన్న నల్లమట్టికి దిగుతాయి. మొరమే పోయండి. ఇది వానలు వెలిశాకే చేయాలి, కాంక్రీటు గట్టిపడేదాకా నెల రోజులు మిషన్ ఊరికే ఉంటుంది. పూర్తిగా కదలదని హామీ ఇవ్వలేను, బాగా తగ్గుతుంది.

మూడోది నాకు మీ విషయంలో ఎక్కువ నచ్చింది. మందమైన చానెల్‌తో గట్టి ఇనుప ఫ్రేము చేయించి, లేత్‌ను ఆ ఫ్రేముకు బిగించి, ఫ్రేముకు మాత్రం మూడే కాళ్లు పెట్టించడం, హెడ్‌స్టాక్ (చక్ ఉండే కొస) వైపు రెండు, టెయిల్‌స్టాక్ వైపు ఒకటి. మూడు రాళ్ల పొయ్యి మీద కుండ ఎట్లా పెట్టినా కదలదు కదా, అదే సూత్రం. నేల ఏ మూల లేచినా ఫ్రేము మొత్తం ఒరుగుతుందే గానీ మెలిక పడదు. మీది నాలుగైదు క్వింటాళ్ల చిన్న మిషన్ కాబట్టి ఇది సాధ్యం, పెద్ద లేత్‌కు చెప్పను. ఫ్రేము పలచగా చేయిస్తే మొత్తం పని పాడవుతుంది, చప్పుడు, గీతలు ఇంకా పెరుగుతాయి. ఒంటి కాలు వైపు ఒరగకుండా నేలకు బోల్టు తప్పనిసరి.

తెలిసిన ఎరెక్షన్ మనిషిని ములుగు రోడ్డు ఇండస్ట్రియల్ ఎస్టేట్ నుంచో మడికొండ వైపు నుంచో పిలిపించుకోవచ్చు, రెండు రోజుల కూలి అవుతుంది. పిలిస్తే పక్కనే ఉండి ప్రతి బోల్టూ మీ చేత్తో తిప్పండి. నేల మార్చకుండా పిలిస్తే మాత్రం ఆ డబ్బు ఒక్క కాలానికే పనికొస్తుంది.

అమ్మడం కూడా ఒక దారే, తప్పేం కాదు. కానీ ఇప్పుడున్న స్థితిలో అమ్మితే కొనేవాడు టేపర్ చూపించి, బెడ్డు దెబ్బ చూపించి, సగం ధర అడుగుతాడు. లేదా ఏమీ తెలియని కుర్రవాడు అప్పు చేసి కొంటాడు, మీ మూడు నెలలు అతను పడతాడు. పరీక్ష చేసి, ఆ కాగితం చేతికిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి. ఇంకో దారి ఉంది, లేత్ మీ దగ్గరే ఉంటుంది, ఇంట్లో ఉండదు. ఎస్టేట్‌లో ఎవరైనా టర్నరు షెడ్డులో మూల అద్దెకు తీసుకోవడం. నెల నెలా అద్దె పడుతుంది, కానీ నేల గట్టిది, పక్కన అడగడానికి మనిషి ఉంటాడు, కరెంటు సంగతి కూడా తేలిపోతుంది. ఇంటి మీటరు మీద డబ్బులు తీసుకొని పని చేయడం కుదరదు, ఇంట్లోనే ఉంచి ఆర్డర్లు పట్టేటట్టయితే సరైన కేటగిరీ కనెక్షన్ అడగాల్సి ఉంటుంది.

ఈ దారి ఎందుకు చెప్తున్నానంటే మీ ఇంటావిడ గురించి. ఆమెది పిరికితనం అన్నట్టు మీరు రాశారు, నేను ఒప్పుకోను. పది పదిహేను కిలోల ఇనుప ముద్ద తిరుగుతూ వచ్చి తన కాళ్ల దగ్గర పడింది, దాని గురించి మీరు ఆమెకు ఇప్పటిదాకా ఒక్క మాట వివరంగా చెప్పలేదు. "ఏం కాలేదు గదా" అన్నారట. ఏమీ కాకపోవడం అదృష్టం, ఆమెకు అది తెలుసు. షెడ్డుకు పిలవకుండా ఇంట్లోనే, తీరిగ్గా కూర్చుని, చక్ ఎందుకు ఊడిందో పై మాటల్లోనే చెప్పండి, తప్పు నాదే అని చెప్పండి. రివర్స్ లేని స్విచ్ వేయిస్తానని, చక్ మీద మూత పెట్టిస్తానని, చేతికి అందేటట్టు ఎర్ర స్టాప్ బటన్ పెట్టిస్తానని, మిషన్ నడిచేటప్పుడు షెడ్డు తలుపు వేసి ఉంచుతానని చెప్పండి. అవన్నీ చేశాక అడగండి, ఉండనిస్తావా అని. అయినా వద్దంటే ఆ మాట వినాలి. మిషన్‌ను ఎస్టేట్‌కు తరలించవచ్చు. ఆమె రోజూ భయపడుతూ ఉంటే మీరు కూడా ప్రశాంతంగా కోత తీయలేరు.

కొడుకు మాటకు మీరు బాధపడ్డారు. అతను తల్లి దగ్గర చక్ ఊడిన సంగతి విని ఉంటాడు, దూరం నుంచి ఆ మాట తప్ప ఇంకేం అనగలడు. బీటెక్ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌కు పోయాడని రాశారు కదా, మైక్రోమీటరు చూడటం వచ్చే ఉంటుంది. సద్దుల బతుకమ్మకు ఇంటికి వస్తాడు. అప్పటికి మోటారు మార్చి ఉంచండి, పట్టీల పరీక్ష నాడు అతన్ని పక్కన కూర్చోబెట్టి కొలతలు చదవమనండి, రాయమనండి. మీరు టూలు పట్టండి.

చక్ దగ్గరి పట్టీ ఎంత, చివరి పట్టీ ఎంత, బారు ఎంత బయటికి ఉంచారు, ఏ నెలలో కొలిచారు, ఈ నాలుగూ రాసి మళ్లీ ఉత్తరం వేయండి. దోస్తు ఏమన్నాడో కూడా రాయండి. బోల్టులు వదులు చేసినప్పుడు ఏ కాలు కింద సందు కనపడిందో అది మాత్రం మర్చిపోవద్దు, నేను ముందు చూసేది అదే.